మఖ్దూం: చిన్న సంఘాలను కూర్చిన కవి

ఝరాసంగం అన్నంతనే కేతకీ సంగమేశ్వరుని ఆలయం మనస్సులో మెదలుతుంది. ఆ క్షేత్రమున్న సంగారెడ్డి జిల్లాలోనే, జోగిపేటను ఆనుకొని, ఆందోలు అనే పాత ఊరు కలదు. 2016లో జిల్లాల పునర్విభజన జరుగక ముందు ఈ రెండూ మెదకు జిల్లాలోనివే. ఝరాసంగం ప్రాంతపు విద్యార్థులకు ఆందోలు పేరు తెలియకపోదు. ఆ ఊళ్ళో పుట్టిన ఒక ఉర్దూ కవి పేరు కూడ పెద్దల నోట విని యుండవచ్చు. ఆ కవి మఖ్దూం మొహియుద్దీన్. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ కట్టమీద తెలుగు ప్రముఖుల విగ్రహాలను నిలిపినప్పుడు ఆ వరుసలో ఆయనకూ చోటు లభించినది. ఒక ఉర్దూ కవికి ఆ వరుసలో స్థానం కలగడం ఊరక జరిగిన పని కాదు.

మఖ్దూం గజళ్ళను, గీతాలను హిందీ చలనచిత్రాలు వాడుకొన్నవి. 1982లో వచ్చిన ‘బజార్’ చిత్రం ద్వారా ఆయన గజలు ఉర్దూ రానివారికి కూడ చేరినది. కవిగా ఆయనను గూర్చి వ్రాసినవారు పెక్కురు. అయితే ఆయన జీవితంలో మరియొక పెద్ద పని ఉన్నది. హైదరాబాదు సంస్థానంలో అక్కడొకటి ఇక్కడొకటిగా పుట్టి, ఏకాకులై నిలిచిన చిన్న చిన్న కార్మిక సంఘాలను ఒక త్రాటిపైకి తెచ్చిన అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు ఆయన అధ్యక్షుడు. 1946లో వెలసిన ఆ సమాఖ్య కథ తెలియకుండ ఆయన కవిత్వం కూడ సగమే అర్థమవుతుంది.

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4వ తేదీన ఆందోలులో జన్మించినాడు. మూసీ వరద హైదరాబాదు నగరాన్ని ముంచెత్తినది ఆ సంవత్సరమే, సెప్టెంబరులో. ఐదారేండ్ల ప్రాయంలోనే తండ్రి గౌస్ మొహియుద్దీన్ మరణించినాడు. తల్లి మరల వివాహం చేసికొన్నది. పిల్లవానిని పినతండ్రి బషీరుద్దీన్ పెంచినాడు. ఆ ఇంట మతనిష్ఠ గట్టిది. మసీదు ఊడ్చుట, నీళ్ళు తోడిపెట్టుట, వేళకు నమాజు చేయుట పసివాని దినచర్య. విచిత్రమేమనగా, ఆ నిష్ఠాపరుడైన పినతండ్రియే ఇంటివారికి లోకవార్తలు చెప్పుచు, రష్యాదేశంలో జారు చక్రవర్తిని దించివేసినారనీ, అక్కడ అందరూ ఒకే బంతిని కూర్చుండి భోజనం చేస్తారనీ వర్ణించేవాడట. తండ్రిలేని పిల్లవానికి ఆ బంతిభోజనం మాట ఎంతగా పట్టుకొన్నదో ఆయన తరువాతి నడవడియే చెబుతుంది.

ఆయన పేరులోని ‘మఖ్దూం’ అనే అరబ్బీ పదానికి సేవింపబడువాడు, అనగా ప్రభువు అని అర్థం. పేరుకు, బ్రతుకుకు ఇంత ఎదురుచుక్క అరుదు.

ఉన్నతపాఠశాల చదువు సంగారెడ్డిలో ముగించి ఆయన హైదరాబాదు చేరినాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో స్థాపితమైనది. ఒక దేశభాషను, ఉర్దూను, బోధనభాషగా గ్రహించి పైచదువులు చెప్పిన సంస్థ అది. మఖ్దూం అక్కడ 1934లో బి.ఏ., 1936లో ఎం.ఏ. పట్టాలు పొందినాడు. ఈ రెండు వాక్యాలలో ఇమిడిన చదువు వెనుక పస్తులున్నవి. తలదాచుకొనుటకు ఇల్లు లేక కొంతకాలం మసీదులో పడుకొన్నాడు. పటాలు అమ్మినాడు, పిల్లలకు పాఠాలు చెప్పినాడు, పత్రికలకు వ్రాసినాడు. అయినను ఆయన నవ్వు, చమత్కారం మాత్రం ఎన్నడూ తగ్గలేదని తోటివారందరూ చెప్పినారు. 1933లో వ్రాసిన ‘పీలా దుశాలా’ అనే హాస్యగీతం ఒక పసుపుపచ్చని శాలువను గూర్చినది. విద్యార్థులు దానిని వసతిగృహాల్లో పాడుకొని నవ్వుకొన్నారు. విప్లవకవి అనిపించుకొన్నవాని తొలి కీర్తి హాస్యంతో వచ్చినది.

నాటకరంగంలో కూడ ఆయనకు ప్రవేశమున్నది. బెర్నార్డ్ షా వ్రాసిన ‘విడోయర్స్ హౌసెస్’ నాటకాన్ని ‘హోష్ కే నాఖూన్’ అనే పేరుతో ఉర్దూలోకి మలచి ఆడినారు. రవీంద్రనాథ టాగూరు హైదరాబాదుకు వచ్చినప్పుడు దానిని చూచి మెచ్చి, ఆ యువకుని శాంతినికేతనానికి ఆహ్వానించినాడు. మఖ్దూం టాగూరు కవిత్వాన్ని గూర్చి ఒక చిన్న పుస్తకం కూడ వ్రాసినాడు. ఇక్కడ గమనింపవలసినది నాటక వస్తువు. మురికివాడల్లో పేదలనుండి పిండిన అద్దెలతో పెద్దమనుషులుగా చలామణి అయ్యేవారి కథ అది. ఎన్నో షా నాటకాలుండగా ఇరువది ఆరేండ్ల విద్యార్థి దీనినే ఎన్నుకొన్నాడు.

ఎం.ఏ. పట్టా చేతికి వచ్చిన వెంటనే ఉద్యోగం రాలేదు. కొంతకాలం ఒక కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన తరువాత 1939లో సిటీ కాలేజీలో ఉర్దూ ఉపన్యాసకుడైనాడు. మూసీ ఒడ్డున, హైకోర్టు చెంతనున్న ఆ కాలేజీలో పని అంటే ఆ రోజుల్లో గౌరవమైన పదవి. బాల్యంనుండి పేదరికమే ఎరిగిన గృహస్థుకు నెలజీతం వచ్చే స్థితి అప్పుడే కలిగినది. దానిని ఆయన రెండు మూడేండ్లకంటె ఎక్కువకాలం ఉంచుకొనలేదు. రాజీనామా ఇచ్చి పూర్తికాలం రాజకీయ, కార్మికోద్యమాల్లో దిగినాడు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ త్యాగం విలువ విడమరచి చెప్పనక్కరలేదు. అయితే దానిని త్యాగమని మాత్రమే అనుకొంటే పొరబడతాము. తరగతిలో ఏ నలుబదిమందికో చెప్పే మాట, ఫ్యాక్టరీ ద్వారం వద్ద వేయిమందికి చెప్పవచ్చునని గ్రహించినవాడు ఆయన.

అప్పటికే నగరంలో కామ్రేడ్స్ అసోసియేషన్ అనే యువకుల కూటమి 1939 ప్రాంతంలో ఏర్పడినది. మఖ్దూంతో పాటు ఆలం ఖుంద్‌మీరీ, జవాద్ రజ్వీ, వైద్యవిద్యార్థియైన రాజ్ బహదూర్ గౌర్ మొదలైనవారు అందులో ఉన్నారు. పాతనగరపు ముస్లిం కుటుంబాల బిడ్డలు, కాయస్థుల బిడ్డలు కలిసి కూర్చుండి పుస్తకాలు చదివి, వాదించి, చివరకు కార్మికవాడలకు దారిపట్టినారు. 1936లో లక్నోలో ప్రేంచంద్ అధ్యక్షతన మొదలైన అభ్యుదయ రచయితల ఉద్యమానికి హైదరాబాదులో కొమ్మ వేసినది కూడ దాదాపు ఈ బృందమే.

ఆ కార్మికవాడలను గూర్చి కొంత చెప్పక తప్పదు. హైదరాబాదు సంస్థానమంటే జాగీరులు, దేశ్‌ముఖులు, వెట్టిచాకిరీ అని మాత్రమే మనకు తోచుతుంది. కాని యంత్రపరిశ్రమ కూడ అక్కడ చాలకాలంగా వేళ్ళూనుకొని యున్నది. సింగరేణిలో బొగ్గు త్రవ్వకం 1889లోనే ఆరంభమైనది. వరంగల్లులో ఆజంజాహీ మిల్లు 1934లో వెలసినది. బోధనులో చక్కెర ఫ్యాక్టరీ, సిర్పూరులో కాగితపు మిల్లు, షాబాదులో సిమెంటు కర్మాగారం, నాందేడులో ఉస్మాన్‌షాహీ మిల్లు ఉండేవి. నగరంలో చార్మినార్ సిగరెట్లు చేసే వజీర్ సుల్తాన్ కంపెనీ, దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు, గుండీల ఫ్యాక్టరీ ఉండగా, రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఆల్విన్, ప్రాగా టూల్స్ వచ్చినవి. లాలాగూడలో రైల్వే కర్మశాలలున్నవి. యుద్ధంవల్ల సరుకులకు గిరాకీ పెరిగినది, లాభాలు పెరిగినవి, ధరలు ఇంకను పెరిగినవి. పెరగనిది జీతం ఒక్కటే.

బ్రిటిషు ఇండియాలో 1926లో కార్మిక సంఘాల చట్టం వచ్చినది. ఏడుగురు పనివారు కలిసి అర్జీ పెట్టుకొంటే సంఘం రిజిష్టరు చేయవచ్చునని అందులో ఏర్పాటున్నది. ఆ చట్టం నిజాం రాజ్యానికి వర్తించేది కాదు. పైగా సంస్థానంలో బహిరంగసభ జరుపవలెనంటే ముందుగా సర్కారు అనుమతి కావలెను. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తరువు దానికే పుట్టినది. పదిమంది గుమిగూడితే పోలీసువారు కారణమడిగే చోట పనివారి సంఘం ఎట్లు బ్రతుకుతుంది?

బ్రతికినా ఎంతకాలం? ఒక చిన్న సంఘం చచ్చే విధానం ఎక్కడైనా ఒకటే. నూటయాభైమంది పనివారుగల ఫ్యాక్టరీలో సంఘం పెడతారు. నాలుగు అక్షరాలు వచ్చినవానిని కార్యదర్శిని చేస్తారు. మొదటి అర్జీపై చేవ్రాలు చేసిన మరునాడు వానిని పనిలోనుండి తీసివేస్తారు. వాని పక్షాన వాదించుటకు వకీలుకు ఇచ్చే డబ్బు సంఘం పెట్టెలో ఉండదు. సమ్మె చేస్తే వారం తిరిగేసరికి పొయ్యిలో పిల్లి లేవదు. ప్రక్క ఫ్యాక్టరీవానికి ఈ సంగతి తెలియనే తెలియదు. తెలిసినా, అది వానికి సంబంధించిన వ్యవహారంగా తోచదు. పెద్ద సంఘమైతే తన బరువుతో తాను నిలబడగలదు. రైల్వే పనివారికి ఆ బలం కొంత ఉన్నది. గుండీల ఫ్యాక్టరీ పనివానికి ఆ బలం ఎక్కడిది?

ఈ ప్రశ్నకు సమాధానమే సమాఖ్య. ప్రతి సంఘం తన పేరు, తన కార్యవర్గం, తన చందాపుస్తకం తానే ఉంచుకొంటుంది. ఏ ఫ్యాక్టరీలో ఏమి అడుగవలెనో అక్కడివారే నిశ్చయించుకొంటారు. కాని అర్జీ వ్రాయుటకు చదువుకొన్నవాడు, అధికారులతో మాటలాడుటకు మాటకారి, కోర్టులో నిలుచుటకు వకీలు, సమ్మెనాడు బియ్యం సమకూర్చుటకు ఇతర సంఘాల చేయి, ఇవి ఉమ్మడిగా ఉంటవి. కార్యదర్శిని తీసివేస్తే అడుగుటకు ఫ్యాక్టరీ బయట ఒకడుంటాడు. వానిని ఏ యజమాని పనిలోనుండి తీయలేడు. దేశంలో ఈ పద్ధతికి అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ 1920లో బొంబాయిలో దారి వేసినది. లాలా లజపతిరాయ్ దానికి తొలి అధ్యక్షుడు. సంస్థానం లోపల ఆ దారిని అనుసరించి 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడినది. మఖ్దూం అధ్యక్షుడు, రాజ్ బహదూర్ గౌర్ ప్రధాన కార్యదర్శి. ఒకడు ఉర్దూ పాఠాలు మానుకొన్న కవి. మరియొకడు వైద్యవృత్తిని ప్రక్కనబెట్టిన డాక్టరు.

హైదరాబాదులో ఈ పని బొంబాయి, మద్రాసుల్లోకంటె చిక్కైనది. సంస్థానంలోని పదునారు జిల్లాల్లో ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడంవి. రాజభాష ఉర్దూ. సింగరేణి గనిలో దిగేవాడు, ఆజంజాహీలో నూలు వడికేవాడు తెలుగువాడు. నాందేడు మిల్లువాడు మరాఠీ. షాబాదు సిమెంటువాడు కన్నడం మాటలాడేవాడు. నగరపు ఫ్యాక్టరీల్లో ఉర్దూ, తెలుగు కలగలుపు. ఎవరి గోడు ఏ భాషలో ఉన్నా సర్కారుకు అది ఉర్దూలోనే చేరవలెను. తన కష్టాన్ని తన పాలకుని భాషలో వ్రాయలేని పనివానికి ఉర్దూ ఎం.ఏ. చదివిన కవి అధ్యక్షుడుగా దొరకడం చిన్న సహాయం కాదు. ఉర్దూ సాహిత్యం దర్బారులకు, ముషాయిరాలకు అలవాటుపడినది. మఖ్దూం వర్గంవారు దానిని గేటు సభలకు నడిపించినారు.

మత వైషమ్యం రెండవ చిక్కు. 1946 నాటి వాతావరణం అందరికి తెలిసినదే. ఇత్తెహాదు ఉద్యమం ముస్లిం పనివారిని తనవైపు లాగుతున్నది. పాలకుడు మనవాడే గదా, సమ్మె ఎవరిమీద అనే వాదం బస్తీల్లో వినిపిస్తున్నది. అట్టి సమయంలో మసీదు ఊడ్చి పెరిగిన మనిషి ఎదుట నిలిచి, యంత్రం ముందు ఆకలికి మతభేదం లేదని చెప్పినప్పుడు ఆ మాటకు కలిగే నమ్మకం వేరు. హిందువులు, ముస్లిములు ఒకే సంఘంలో చందా కట్టుట, ఒకే సమ్మెలో కూర్చుండుట ఆ దినాల్లో తనంతట తానే ఒక రాజకీయ కార్యం. ఈ విషయంలో సమాఖ్య చేసిన సేవ, జీతాలు పెంచుటకంటె ముందుగా చెప్పుకోదగినది.

మఖ్దూం సభల తీరు కూడ వేరు. ఆయన మంచి గాయకుడు. ఉపన్యాసం మధ్య గీతం అందుకొంటే వేలమంది వంతపాడేవారు. ‘జంగె ఆజాదీ’ అనే ఆయన గీతం అట్లే కార్మికుల సొత్తైనది. అక్షరం రానివాడు కూడ దానిని కంఠస్థం చేసినాడు. కవిత్వం అచ్చులో పడినంతమాత్రాన జనానికి చేరదని మనకు తెలియనిది కాదు. మన వైపు యక్షగానం, బుర్రకథ చేసిన పనినే నగరపు కార్మికవాడల్లో ఆయన పాట చేసినది.

ఇంత శ్రమపడి నిలిపిన సమాఖ్యకు ప్రశాంతంగా పనిచేసే కాలం కొన్ని నెలలు మాత్రమే దక్కినది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. తెలంగాణ పల్లెలు మండసాగినవి. ఆ సంవత్సరం చివరి నెలల్లో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీని నిషేధించి కార్మికనాయకులను వెదకి పట్టుకొనసాగినది. మఖ్దూం అజ్ఞాతవాసంలోకి వెళ్ళినాడు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ మువ్వురి పేర్ల మీదుగా నిజాం ప్రభుత్వానికి వ్యతిరేకంగా సాయుధపోరాటానికి పిలుపు వెలువడినది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించినది. అయిదు దినాల్లో నిజాం పాలన ముగిసినది. అయినను పోరాటం 1951 వరకు సాగినది. ఆ సంవత్సరమే మఖ్దూం పట్టుబడి 1952 వరకు చెరసాలలో ఉన్నాడు. ‘ఖైద్’ అనే కవిత ఆ జైలులో పుట్టినదే.

ఈ అయిదేండ్ల ఘట్టాన్ని వీరగాథగా చెప్పుకొనుట పరిపాటి. రైతాంగ పోరాటంలో వీరత్వానికి లోటు లేదు. కాని చిన్న సంఘాల వైపునుండి చూచినవారికి మరియొక దృశ్యం కనబడుతుంది. సమాఖ్య బలమంతా నలుగురైదుగురు పేరుగల నాయకుల్లో ఉన్నది. వారు అజ్ఞాతంలోకి, చెరసాలకు పోయిన మరునాడు గుండీల ఫ్యాక్టరీ పనివాడు మరల ఏకాకియే అయినాడు. అర్జీ వ్రాసేవాడు లేడు, అడిగేవాడు లేడు. చిన్నవారి నడుమనుండియే నాయకులు పెరిగే వ్యవధి ఆ సమాఖ్యకు దొరకలేదు. దీనికి ప్రభుత్వ దమననీతి ప్రధాన కారణం. అయితే పార్టీ పోరాటం, సంఘం పని అనే రెండింటిని ఒకే మనుషుల భుజాలపై మోపిన పద్ధతికి కూడ ఇందులో భాగమున్నది.

విడుదలైన తరువాత మఖ్దూం హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచి హైదరాబాదు శాసనసభలో ప్రవేశించినాడు. గౌర్ 1952లో రాజ్యసభ సభ్యుడైనాడు. నిన్నటిదాక పోలీసులు వెదకిన అధ్యక్ష కార్యదర్శులిద్దరూ చట్టసభల్లో కూర్చున్నారు. సంఘాలు మరల తలయెత్తినవి. సంస్థానపు సమాఖ్య విడిగా మిగలక అఖిలభారత సంస్థలో కలిసినది. సింగరేణి గనులనుండి నగరపు ఆల్విన్ వరకు మఖ్దూం పేరు కార్మికుల నాలుకపై నిలిచినది.

1945లో పారిస్‌లో పుట్టిన ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్యకు అప్పుడు వియన్నా నగరం కేంద్రం. 1953, 54 సంవత్సరాల్లో మఖ్దూం అక్కడ ఉండి ఆ సంస్థలో పనిచేసినాడు. ఆందోలు మసీదు ప్రాంగణంనుండి వియన్నా కార్యాలయం వరకు సాగిన ఆ ప్రయాణం దేశాటనం కొరకు కాదు. చిన్నదానికి పెద్దదాని అండ కావలెననే సూత్రం ఫ్యాక్టరీకి, సంస్థానానికి ఎట్లో, దేశాలకును అట్లే. సోవియట్ దేశం, చీనా, తూర్పు ఐరోపా కూడ ఆయన చూచినాడు. తిరిగివచ్చిన తరువాత తుదివరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యుడుగా ఉండి, ప్రతిపక్షాన నిలిచి మాటలాడినాడు.

ఇక కవిత్వం సంగతి. తొలి సంపుటం ‘సుర్ఖ్ సవేరా’ 1944లో వచ్చినది. రెండవది ‘గుల్ఎ తర్’ 1961లో. రెండింటి నడుమ పదునేడు సంవత్సరాలు! ఉర్దూ విమర్శకుల్లో ఒక పక్షంవారు దీనిని చూపి, కార్మికోద్యమం ఒక మహాకవిని మ్రింగివేసినదని చింతించినారు. మరియొక పక్షంవారు ఉద్యమమే ఆయనను కవిని చేసినదని వాదించినారు. మొదటి పక్షంవారి బాధ నిజమైనదే. ‘అంధేరా’ వంటి కవితలో యుద్ధపు చీకటిని, ‘హవేలీ’లో కూలుతున్న పాతమేడను అంత చిక్కగా చిత్రించినవాడు, కుదురుగా కూర్చుండి యుంటే ఇంకెంత వ్రాసేవాడో! వ్రాయని కవితలకు విలువ కట్టుట ఎవరి తరమూ కాదు గాని, నష్టమే లేదనుట సత్యం కాదు.

అయితే రెండవ సంపుటం చదివినవారికి ఒక విశేషం తోచుతుంది. మొదటిదానిలో పిలుపు, గర్జన ఎక్కువ. రెండవదానిలో గొంతు తగ్గినది, లోతు పెరిగినది. ‘చాంద్ తారోఁకా బన్’ అనే కవితలో స్వాతంత్ర్యం కొరకు కాలిన జనం, అది వచ్చిన తరువాత చూచిన చీకటి, ఇంకను మిగిలిన నడక, ఇవి నినాదంగా గాక అనుభవంగా పలికినవి. ‘చారాగర్’లో ప్రేమించిన ఇద్దరు ప్రాణులు ఏ మతస్థులో చెప్పక, ఆ వేదనకు మందు ఏదైన ఉన్నదా అని వైద్యుని అడుగుతాడు. ఏకాకిగా నిలిచినవాని నిస్సహాయత ఎట్టిదో ఆయనకు పుస్తకాలవల్ల తెలియలేదు. పనిలోనుండి తీసివేయబడి ద్వారం బయట నిలిచినవారిని ఆయన ఏండ్లతరబడి చూచినాడు. ఆ చూపు లేనిదే ‘గుల్ఎ తర్’ లేదు. 1966లో మొత్తం కవిత్వం ‘బిసాతె రఖ్స్’ పేరుతో వెలువడినది. గౌర్ తన ఇంటికి మిత్రుని కవితలోని మాటనే పేరుగా పెట్టుకొన్నాడు. సమాఖ్య కార్యదర్శికి అధ్యక్షుని కవిత్వంపై గల ప్రేమ అట్టిది.

ఝరాసంగం వైపువారికి ఇందులో మరియొక సంబంధం కూడ కలదు. ఆల్విన్ సంస్థ 1980లలో జపాను దేశపు నిస్సాన్ కంపెనీతో కలిసి జహీరాబాదులో వాహనాల కర్మాగారం స్థాపించినది. తరువాత అది మహీంద్రా సంస్థ చేతికి వచ్చినది. మఖ్దూం ఎరిగిన నగరపు ఆల్విన్ నేడు లేదు. ఆజంజాహీ మిల్లు కూడ లేదు. నాటి పరిశ్రమల్లో ఎన్నో మూతపడగా, జొన్న, చెరకు, అల్లం పండే జహీరాబాదు చుట్టుప్రక్కల కొత్త ఫ్యాక్టరీలు లేచినవి. పెద్ద కర్మాగారం ప్రక్కన దానికి విడిభాగాలు చేసియిచ్చే చిన్న పనిశాలలు, వాటిలో గుత్తేదారు క్రింద పనిచేసే కొద్దిమంది కూలీలు ఉండుట నేటి పరిశ్రమల్లో ఎల్లెడల కనబడే తీరు. వారి సంఖ్య చిన్నది. సంఘం పెట్టుకొంటే అది ఇంకను చిన్నది. 1946లో గుండీల ఫ్యాక్టరీవాడు అడిగిన ప్రశ్ననే వారును అడుగవలసియున్నది.

1969 ఆగస్టులో మఖ్దూం ఢిల్లీ వెళ్ళినాడు. రైల్వే కార్మికులను సమాఖ్యగా కూర్చిన తెలుగువాడు, బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి, ఆ నెల 24వ తేదీన అక్కడ రాష్ట్రపతిగా ప్రమాణస్వీకారం చేసినాడు. ఆ మరునాడే, ఆగస్టు 25న, గుండెజబ్బుతో మఖ్దూం అదే నగరంలో మరణించినాడు. వయస్సు 61 సంవత్సరాలు. దేహాన్ని హైదరాబాదుకు తెచ్చి షా ఖామోష్ దర్గా శ్మశానవాటికలో ఖననం చేసినారు. ‘బిసాతె రఖ్స్’ గ్రంథానికి 1969 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ప్రకటితమైనది. హిమాయత్‌నగర్‌లోని కమ్యూనిస్టు పార్టీ కార్యాలయ భవనానికి ఆయన పేరు పెట్టినారు.